రాలేకపోతున్న బిడ్డలను తప్పుపట్టకండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల సంఘాల్లో ఆదివారం ప్రార్థన విన్నపాలు వింటున్నవారు ఒక మార్పు గమనించే ఉంటారు. కొన్నేళ్ల క్రితం వరకు "మా బాబుకు అమెరికా వీసా రావాలి, ప్రార్థన చేయండి" అని అడిగేవారు. ఇప్పుడు వీసా వచ్చి, అక్కడికి వెళ్లి, చదువు ముగించి, విశ్వవిద్యాలయంలో పరిశోధకులుగానో కంపెనీలో ఉద్యోగులుగానో ఉన్నవారి తల్లిదండ్రులే లేచి నిలబడి ప్రార్థన అడుగుతున్నారు. బిడ్డ దగ్గర కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా చెల్లెలి పెళ్లికి రాలేకపోయాడు. క్రిస్మస్‌కు రాలేకపోయాడు. కడకు తండ్రి భూస్థాపన కూడా ఫోనులోనే చూసి ఏడ్చాడు.

సమాధి దగ్గర చేరిన చుట్టాలు ఆ తర్వాత ఏమంటారో మనకు తెలుసు. "డాలర్లు మరిగినోడికి నాయన ఎందుకు యాదికొస్తాడు?" అంటారు. ఆ మాట తల్లి చెవిన పడుతుంది. కొన్నాళ్లకు కొడుకు చెవినా పడుతుంది. ఇది చాలాసార్లు అన్యాయమైన మాట అని మేము నమ్ముతున్నాం. ఎందుకు అన్యాయమో తెలియాలంటే వీసా ఏర్పాటు ఎలా పనిచేస్తుందో, 2025లో అందులో ఏమేం మారాయో సంఘ పెద్దలకు, కాపరులకు కొంతైనా తెలిసి ఉండాలి.

స్టాంపింగ్ వేరు, స్టేటస్ వేరు

పాస్‌పోర్టులో అంటించే వీసా కాగితం ఆ దేశపు గుమ్మం ముందు నిలబడడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది విమానాశ్రయంలోని అధికారి నిర్ణయిస్తాడు. లోపలికి రానిచ్చాక ఎంతకాలం, ఏ పని మీద ఉండవచ్చో చెప్పేది స్టేటస్. అది ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఉంటుంది. విద్యార్థికి దానితోపాటు ఐ-20, అతిథి పరిశోధకులకు, అంటే జే-1 మీద వెళ్లినవారికి డీఎస్-2019 అనే పత్రం ఆధారం.

ఈ రెండింటి గడువులు వేరువేరు. పాస్‌పోర్టులో వీసా గడువు దాటిపోయినా స్టేటస్ సక్రమంగా ఉంటే ఆ మనిషి అక్కడ చట్టబద్ధంగానే ఉన్నట్టు. చదువుకోవచ్చు, అనుమతి మేరకు పని చేయవచ్చు. చిక్కు వచ్చేది దేశం దాటినప్పుడే. ఒకసారి బయటికి వచ్చాక తిరిగి వెళ్లాలంటే చెల్లుబాటులో ఉన్న వీసా కావాలి. కెనడాకో మెక్సికోకో ముప్పై రోజుల లోపు వెళ్లివచ్చేవారికి కొంత వెసులుబాటు ఉంది కానీ, ఇండియాకు వచ్చేవారికి అది వర్తించదు.

ఇంకో మెలిక కూడా ఉంది. చదువుల వీసా మీద వెళ్లినవాడు ఉద్యోగం దొరికాక అక్కడినుండి కదలకుండానే హెచ్-1బీకి మారవచ్చు. జే-1 మీద వెళ్లిన పరిశోధకులు కూడా నిబంధనలు ఒప్పుకుంటే అలాగే మారవచ్చు. దీన్నే స్టేటస్ మార్పు అంటారు. మారేది స్టేటస్ మాత్రమే. పాస్‌పోర్టులో పాత వీసాయే ఉంటుంది. ఆ కుర్రవాడు అమెరికాలో ఉన్నంతకాలం అతనికి ఏ ఇబ్బందీ లేదు. అమ్మను చూద్దామని ఊరికి వస్తే మాత్రం తిరుగు ప్రయాణానికి ముందు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో కొత్త వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి. స్టేటస్ మార్పు దరఖాస్తు పరిశీలనలో ఉండగా దేశం దాటితే, ఆ మార్పు కోరికను వదులుకున్నట్టే లెక్కిస్తారు.

అందువల్ల "కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయంటున్నావు, మరి రావడానికి ఏం?" అన్న ప్రశ్న పైకి న్యాయంగా కనిపించినా దానికి జవాబు వేరే ఉంది. ఉండడానికి కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. వచ్చి వెళ్లడానికి కావలసిన కాగితం వేరు.

2025లో ఏం మారింది?

ఇంతకుముందు కూడా ఈ చిక్కు ఉండేది. అయితే స్టాంపింగ్ ఎన్ని రోజుల్లో అవుతుందో ఒక అంచనా ఉండేది. చాలామంది ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో పాస్‌పోర్టు ఇచ్చి, మూడు నాలుగు వారాల సెలవులో పని ముగించుకుని వెళ్లేవారు. 2025లో ఆ అంచనా చెదిరిపోయింది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో మొదటి దెబ్బ తగిలింది. విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే సేవిస్ అనే ప్రభుత్వ రికార్డులో 4,700 మందికి పైగా పేర్లను ఉన్నపళంగా రద్దు చేశారు. ట్రాఫిక్ కేసు వంటి చిన్న విషయాలు ఉన్నవారు, ఎప్పుడో కొట్టివేసిన కేసులున్నవారు కూడా అందులో ఉన్నారు. అమెరికా వలస న్యాయవాదుల సంఘం తన దగ్గరికి వచ్చిన 327 ఉదంతాలను పరిశీలిస్తే సగం మంది భారతీయులే. విద్యార్థులు కోర్టులకు వెళ్లారు. న్యాయమూర్తులు వరుసగా నిలుపుదల ఉత్తర్వులు ఇచ్చారు. చివరికి ఏప్రిల్ 25న ఆ రికార్డులను పునరుద్ధరిస్తామని ప్రభుత్వ న్యాయవాదులే కోర్టుకు చెప్పారు. ఆ మధ్య రోజుల్లో భయపడి ఇంటికి వచ్చేసినవారి సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు.

మే 27న విద్యార్థుల, అతిథి పరిశోధకుల వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేశారు. జూన్ 18న తిరిగి మొదలుపెడుతూ, దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలన్నారు. సెప్టెంబరు 2 నుండి డ్రాప్‌బాక్స్ సౌకర్యం చాలా వర్గాలకు పోయింది. అదే నెలలో, వీసా కోసం తమ సొంత దేశంలోనో తాము నివసించే దేశంలోనో మాత్రమే దరఖాస్తు చేయాలన్న ఆదేశం వచ్చింది. ఇక్కడ స్లాట్ దొరకకపోతే మరో దేశంలో ప్రయత్నించే దారి అలా మూసుకుపోయింది.

సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడింది. విశ్వవిద్యాలయాలకు కూడా మినహాయింపు లేదు. ఆ రాత్రి విమానాశ్రయాల్లో జరిగిన గందరగోళం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అక్టోబరు 20న ఇచ్చిన వివరణలో, అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్పు పొందేవారికి ఈ రుసుము వర్తించదని చెప్పారు. కానీ దరఖాస్తు మీద నిర్ణయం రాకముందే దేశం దాటితే వర్తిస్తుందన్నారు. అంటే తండ్రి ఆఖరి చూపు కోసం వచ్చిన కొడుకు ఉద్యోగం మీద లక్ష డాలర్ల భారం పడే పరిస్థితి. అంత సొమ్ము కట్టి ఒక కొత్త పరిశోధకుణ్ణి నిలుపుకునే విశ్వవిద్యాలయాలు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

డిసెంబరు 15 నుండి సోషల్ మీడియా పరిశీలనను హెచ్-1బీ, హెచ్-4 వారికి కూడా విస్తరించారు. దాంతో అప్పటికే ఖరారైన డిసెంబరు ఇంటర్వ్యూలను నెలల తరబడి వెనక్కి జరిపారు. చాలామందికి 2026 మార్చి, ఆ తర్వాతి తేదీలు వచ్చాయి. పాత తేదీన వస్తే లోపలికి రానివ్వమని రాయబార కార్యాలయం ముందే ప్రకటించింది. క్రిస్మస్‌కో పెళ్లికో వచ్చి ఇక్కడే చిక్కుకున్నవారికి అక్కడ ఇంటి అద్దె ఆగలేదు. పిల్లల బడి ఆగలేదు. ఉద్యోగం ఆగుతుందన్న హామీ లేదు.

ఇవి చాలవన్నట్టు ఆగస్టులో మరో ప్రతిపాదన వచ్చింది. విద్యార్థులను, అతిథి పరిశోధకులను చదువు లేదా పరిశోధన సాగినంతకాలం ఉండనివ్వడం ఇప్పటి పద్ధతి. దాని బదులు నాలుగేళ్లకు మించకుండా గడువు పెట్టాలని ఆ ప్రతిపాదన చెబుతోంది. పీహెచ్‌డీలు ఐదారేళ్లు పడతాయని తెలిసినవారికి ఇందులోని ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఊరటనిచ్చిన మార్పు కూడా ఒకటి ఉంది. జే-1 మీద వెళ్లిన కొందరు పరిశోధన ముగిశాక రెండేళ్లు సొంత దేశంలో ఉంటే తప్ప హెచ్-1బీకి గానీ గ్రీన్‌కార్డుకు గానీ మారే వీలు లేదు. ఈ నిబంధనకు మూలమైన నైపుణ్యాల జాబితా నుండి 2024 డిసెంబరు 9న ఇండియాను తొలగించారు. ఆ జాబితా కారణంగానే కట్టుబడ్డవారికి విడుదల దొరికింది. ప్రభుత్వ సొమ్ముతో, అంటే ఫుల్‌బ్రైట్ వంటి ఉపకార వేతనాలతో వెళ్లినవారికి, అక్కడ వైద్య శిక్షణ పొందే డాక్టర్లకు మాత్రం రెండేళ్ల నిబంధన అలాగే ఉంది. మన సంఘాల నుండి వెళ్లిన పరిశోధకులు తాము ఏ వర్గంలో ఉన్నారో డీఎస్-2019 చూసుకుని, విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడిగి నిర్ధారించుకోవాలి.

అమ్రాబాద్‌లో ఒక విదేశీ పండితుడు

మనిషి ఏ తప్పూ చేయకుండానే అతని స్టేటస్ తలకిందులు కావడం ఈ నేలకు కొత్త కాదు. నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాద్ కొండలకు ఆ కథ తెలుసు.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1936లో నాగా కొండలకు వచ్చి పరిశోధన చేసి వెళ్లాడు. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను తనలో కలిపేసుకుంది. ఆయన ఊరు మారలేదు, పేరు మారలేదు, పాస్‌పోర్టు మాత్రం జర్మన్ పాస్‌పోర్టు అయింది. 1939లో ఆయన మళ్లీ ఇండియా వచ్చాక యుద్ధం మొదలైంది. తెల్లవారేసరికి బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశపు మనిషి. భార్య బెట్టీ ఇంగ్లీషు మహిళ అయినా ఆ లెక్క మారలేదు.

అలాంటివారిని ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టిన రోజులవి. హైమండార్ఫ్ విషయంలో అధికారులు మరో దారి చూశారు. హైదరాబాద్ సంస్థానం దాటి పోకుండా ఉంటూ పని చేసుకోనిచ్చారు. ఆయన 1940లో అమ్రాబాద్ పీఠభూమికి వెళ్లి చెంచు పెంటల్లో ఉంటూ వారి బతుకును రాసుకున్నాడు. 1943లో చెంచుల మీద ఆయన గ్రంథం వెలువడింది. ఆ తర్వాత కొండరెడ్లు, రాజగోండుల మధ్య పనిచేశాడు. గిరిజనుల విషయంలో నిజాం ప్రభుత్వానికి సలహాదారు అయ్యాడు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఆదిలాబాద్ గోండు గూడెం మార్లవాయిలో సమాధి చేశారు. నేటికీ అక్కడివారు ఆ దంపతులను తలచుకుంటారు.

ఇందులో మనం చూడవలసింది రెండు విషయాలు. స్టేటస్ అనేది మనిషి మంచిచెడ్డలకు కొలత కాదు. ఎక్కడో రాజధానిలో గీసిన గీత వల్ల అది మారుతుంది. రెండోది, భయం ఉన్న కాలంలో కూడా ప్రభుత్వానికి ఒకటికి మించిన దారులుంటాయి. నిఘా పెట్టుకుంటూనే మనిషిని పని చేసుకోనివ్వవచ్చు. అలా చేయనిచ్చినందువల్ల లాభపడింది నల్లమల చరిత్ర.

మన గుమ్మం సంగతి

పరాయి దేశపు గుమ్మం గురించి మాట్లాడేవారు తమ గుమ్మం కూడా చూసుకోవాలి. 2022 మార్చిలో మత్స్యకారుల మీద సదస్సుకు వచ్చిన మానవశాస్త్రవేత్త ఫిలిప్పో ఒసెల్లాను తిరువనంతపురం విమానాశ్రయం నుండే తిప్పి పంపారు. 2025 అక్టోబరులో హిందీ సాహిత్య పరిశోధకురాలు ఫ్రాంచెస్కా ఒర్సిని ఢిల్లీలో దిగి, అక్కడినుండే వెనక్కి వెళ్లవలసి వచ్చింది. గతంలో వీసా షరతులు ఉల్లంఘించారన్నది అధికారుల వైపు నుండి పత్రికల్లో వచ్చిన కారణం. షరతులు పెట్టే హక్కు ఏ దేశానికైనా ఉంది. జీవితమంతా మన భాషల మీద ధారపోసినవారికి విమానాశ్రయంలో కారణం చెప్పకుండా తలుపు మూయడం మాత్రం ఆ హక్కుకు గౌరవం తేదు. అమెరికాలో మన బిడ్డలకు ఏ న్యాయం అడుగుతున్నామో, ఇక్కడికి వచ్చే పరదేశికి కూడా అదే అడగాలి.

సంఘాలకు ఇందులో స్వయంగా జాగ్రత్త పడవలసిన సంగతి ఉంది. మన మూడు జిల్లాల సంఘాల్లో చాలావాటికి విదేశీ అతిథులతో బంధం పాతదే. 1899లో అమెరికా నుండి వచ్చిన మెనొనైట్ బ్రదరెన్ మిషనరీలు ఆ తర్వాతి కాలంలో నాగర్‌కర్నూలు, వనపర్తిలలో స్థావరాలు పెట్టారు. 1937లో బాప్టిస్టుల నుండి గద్వాల, మహబూబ్‌నగర్ కూడా వారి చేతికి వచ్చాయి. ఇప్పటికీ బైబిల్ కళాశాలలకు ఆచార్యులు, సభలకు ప్రసంగీకులు వస్తుంటారు. వారిని పర్యాటక వీసా మీద రప్పించి వేదిక ఎక్కించడం మన దగ్గర అలవాటుగా మారింది. పర్యాటక వీసా మీద వచ్చినవారు ఆరాధనలో కూర్చోవచ్చు కానీ మత ప్రసంగాలు చేయడానికి భారత నిబంధనలు ఒప్పుకోవు. దానికి వేరే వీసా ఉంది. అతిథికి బస ఇచ్చినవారు 24 గంటల్లో ఫారం-సి సమర్పించాలి. 2025 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం విద్యాసంస్థలకు, ఆసుపత్రులకు కూడా సమాచారం ఇచ్చే బాధ్యత పెట్టింది. "ఎవరు చూస్తారులే" అని మనం అనుకుంటే నిషేధపు జాబితాలోకి ఎక్కేది మన అతిథి పేరు.

సంఘం చేయవలసినది

మొదట మాట అదుపు. పాలమూరు ఇళ్లకు వలస కొత్త కాదు. ముంబై బస్సు ఎక్కినవారు, గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆనకట్టల పనికి వెళ్లినవారు మన తాతలే. ఇంట్లో చావు జరిగినా అడ్వాన్సు తీరనిదే మేస్త్రీ కదలనిచ్చేవాడు కాదు. అప్పట్లో రాలేకపోయిన కొడుకును ఊరు నిందించలేదు. లెక్క మేస్త్రీ చేతిలో ఉందని అందరికీ తెలుసు గనుక. ఈనాడు కోటు వేసుకుని ప్రయోగశాలలో నిలబడ్డవాడి లెక్క కూడా మరొకరి చేతిలోనే ఉంది. జీతం పెద్దది, కుర్చీ మెత్తనిది, ఇంటికి వచ్చే స్వేచ్ఛ మాత్రం తాతకు లేనట్టే వాడికీ లేదు.

రెండోది, రమ్మని ఒత్తిడి చేయకపోవడం. "నువ్వు రాకపోతే పెళ్లి ఆపేస్తాం" అనే ముందు స్టాంపింగ్ అవసరమా, స్లాట్ ఉందా, దరఖాస్తు ఏదైనా పెండింగులో ఉందా అని అడగండి. ప్రయాణం తప్పనిసరైతే టికెట్టుకు ముందే విశ్వవిద్యాలయ కార్యాలయాన్ని, వలస న్యాయవాదిని సంప్రదించమనండి. డీఎస్-2019 మీద ప్రయాణ సంతకం ఉందో లేదో చూసుకోమనండి. ఇలా జాగ్రత్తపడడం విశ్వాసం లేకపోవడం కాదు. కొరడా దెబ్బలకు కట్టివేసినప్పుడు అపొస్తలుడైన పౌలు తన రోమా పౌరసత్వాన్ని శతాధిపతికి గుర్తుచేశాడు. చట్టం ఇచ్చిన రక్షణను అడిగి తీసుకోవడానికి ఆయన సంకోచించలేదు.

మూడోది, అబద్ధానికి దూరం. కన్సల్టెన్సీ మాట విని దొంగ అనుభవ పత్రాలు పెట్టడం, సోషల్ మీడియా ఖాతాలను ఫారంలో దాచడం బయటపడితే శాశ్వతంగా ప్రవేశం పోయే ప్రమాదం ఉంది. "అందరూ చేస్తున్నారు" అన్నది సంఘ సభ్యుల నోట రాకూడని మాట. వీసా వచ్చిందని సాక్ష్యం చెప్పించే కాపరులు, ఆ వీసాకు ఏ కాగితాలు పెట్టారో కూడా ఒక మాట అడగాలి.

నాలుగోది, తిరిగి వచ్చినవారిని చేర్చుకోవడం. రికార్డు రద్దయి, వీసా తిరస్కరణకు గురై, ఉద్యోగం పోయి వచ్చినవారు కొందరు గుడికి రావడానికే సిగ్గుపడుతున్నారు. భూమి తాకట్టు పెట్టిన తండ్రి ముఖం చూడలేక హైదరాబాద్ హాస్టళ్లలో రోజులు గడుపుతున్నవారున్నారు. వెళ్లేరోజు వేదిక మీదికి పిలిచి చేతులుంచి ప్రార్థించిన సంఘం, వచ్చేరోజు కూడా అదే వేదిక మీదికి పిలవాలి. వారి చదువు ఎక్కడికీ పోలేదు. మన ఊళ్ల కళాశాలలకు, బడులకు ఆ చదువు అవసరం ఉంది. అప్పు తీర్చే దారి వెతకడంలో సంఘ పెద్దలు పక్కన కూర్చోవాలి.

చివరగా, ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రుల సంగతి. కొడుకు రాలేని ఇంట్లో ఆసుపత్రికి తోడు వెళ్లేవారు, భూస్థాపనకు ముందుండి నడిపించేవారు, ఆ తర్వాతి నెలల్లో పలకరించేవారు కావాలి. అమెరికా కాన్సులేట్ ఎప్పుడు స్లాట్ ఇస్తుందో మన చేతిలో లేదు. ఆ తల్లి ఇంటికి ఈ వారం ఎవరు వెళ్లాలో నిర్ణయించడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. వచ్చే పెద్దల కూడికలో ప్రతి సంఘం అలాంటి ఇళ్ల జాబితా రాసి, ఒక్కో ఇంటికి ఒక్కో కుటుంబాన్ని బాధ్యులుగా పెట్టాలని కోరుతున్నాం.